ముడి ముట్టి చూసే మనిషి

నిన్న పొద్దున ఏడుంబావుకు వంటింట్లో కోడిగుడ్డు పగలగొట్టాను. పెంకు సరిగ్గా చీలక సొన వేళ్ళ మీదికి కారింది. కొళాయి తిప్పాను గాని చెయ్యి వెంటనే నీళ్ళ కింద పెట్టలేదు. వాసన చూశాను. పచ్చి గుడ్డు వాసన నాకు పడదు, ఎప్పుడూ పడలేదు. గిన్నెలోది సింకులో ఒంపేసి, రెండుసార్లు సబ్బుతో చేతులు కడుక్కుని, ఆ పూట టిఫిన్ మానేశాను.

అది నాకు తెలిసిన ఒక మనిషి చేతుల వాసన. ఆయన పోయి పదహారు రోజులైంది.

పుత్తూరు అవతల ఒక పల్లెలో, రోడ్డు పక్కన రేకుల షెడ్డులో, ఎముకలు విరిగినవాళ్ళకు కట్టు కట్టేవాడు. పేరున్న వైద్యుల ఇంటివాడు కాదు. అలాంటి ఒక ఇంట్లో చిన్నప్పటి నుంచీ ఆకు నూరి, వెదురు బద్దలు చీల్చి పని నేర్చుకున్నవాడు. ఆకు పసరు, గుడ్డు తెల్లసొన, నూనె ముప్పై ఏళ్ళుగా ఆయన వేళ్ళలోకి దిగిపోయాయి. గోళ్ళ చుట్టూ పచ్చటి మరక ఎప్పుడూ ఉండేది. ఎముక తోలు చీల్చుకుని బయటికొచ్చిన మనిషిని తెస్తే ముట్టుకునేవాడు కాదట. "ఇది నా పని కాదు, తిరపతికి ఎత్తకపోండి" అని అదే బండిలో పంపేసేవాడట.

నేను తిరుపతిలో ఒక కాలేజీ లైబ్రరీలో పనిచేస్తాను. పై అరల్లో పుస్తకం తీయాలంటే మూడు మెట్ల స్టూలు ఎక్కాలి. రెండో మెట్టు మీదే నాకు కళ్ళు తిరుగుతాయి. ఇరవై రెండేళ్ళు అటెండరు చేత తీయించుకున్నాను. ఒకరోజు అటెండరు సెలవులో ఉంటే ఒక విద్యార్థిని తనే స్టూలెక్కి పుస్తకం తీసుకుని, నా వైపు చూసి, దిగి వెళ్ళిపోయింది. ఆ వారమే, నలభై ఏడో ఏట, ఆదివారాలు ఏర్పేడు అవతలి గుట్టకు పోయి తాళ్ళు కట్టుకుని బండలెక్కే గుంపులో చేరాను.

అక్కడ మొదటిరోజు నాకు రోత పుట్టించనిది ఏదీ లేదు. బండలెక్కే బూట్లు అందరికీ అవే. వాటిని మేజోళ్ళు లేకుండా, కాలివేళ్ళు ముడుచుకుపోయేంత బిగువుగా తొడుక్కోవాలి. లోపల ఎవరెవరిదో చెమట ఎండి ఉండేది. నడుముకూ తొడలకూ బిగించుకునే పట్టీలను హార్నెస్ అంటారు. ముందు వేసుకున్నవాడి తడి ఆరకముందే అది మన చేతికొస్తుంది. బండ కింద పగిలిన బీరు సీసాలు, బిర్యానీ పొట్లాలు, వాటి మీద ఈగలు. వాటి మధ్య నిలబడి అందరూ ప్రకృతి గురించి మాట్లాడేవాళ్ళు. గుంపును నడిపేవాడు శశిధర్, ముప్పై ఏళ్ళ సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. చెడ్డవాడు కాదు. నీతో మాట్లాడుతున్నంతసేపూ ఫోన్లో తన మొహం ఎలా పడిందో చూసుకుంటూ ఉంటాడు.

ఆయన వచ్చింది నేను చేరిన మూడో వారం. అంతకు ముందు గుంపులో ఒకబ్బాయి ఆరడుగుల ఎత్తు నుంచి పడి చీలమండ విరగ్గొట్టుకుంటే ఆయన దగ్గరికి తీసుకుపోయారు. కట్టు కడుతూ "యాణ్నుంచి పడినావు?" అని అడిగాడట. బండ మీంచి అని, తాడు ముడి ఊడిందని అబ్బాయి చెప్పాడు. "ఆ బండ నాకి సూపించు" అన్నాడట ఆయన.

అబ్బాయి చూపించలేదు గాని ఆయనే వచ్చాడు. పుత్తూరులో మొదటి బస్సెక్కి, రేణిగుంటలో మారి, ఏర్పేడు నుంచి ఆటోలో. యాభై ఎనిమిదేళ్ళు. పంచె కింద ఎవరిదో ట్రాక్ ప్యాంటు తొడుక్కున్నాడు. బండను కాసేపు ఎగాదిగా చూశాడు.

"ముప్పై ఏండ్లుగా పడినోళ్ళని సూస్తా ఉండా. పడే తావు ఎప్పుడూ సూల్లేదప్పా" అన్నాడు.

చూశాడు కదా, ఇక పోతాడనుకున్నాం. పంచె విప్పి, మడిచి, సంచిలో పెట్టుకుని, "ఆ పట్టీలు ఇట్లియ్యి" అన్నాడు.

శశిధర్ చేతులు జారకుండా రాసుకునే తెల్లపొడి సంచి చూపించాడు. ఆయన చిటికెడు తీసి చూసి, "ముగ్గుపిండి. ఈడ యాడ ఎయ్యాల, వాకిలి లేదే" అన్నాడు. అందరూ నవ్వారు. తర్వాత ఎప్పుడూ ఆ పొడి వాడలేదు.

గుంపులో వయసు ముదిరిన కొత్తవాళ్ళం మేమిద్దరమే. అందుకని మమ్మల్ని జత కట్టారు. తాడు పైన బండకు దిగ్గొట్టిన కడియంలోంచి వచ్చి రెండు పక్కలా కిందికి వేలాడుతుంది. ఒక కొస ఎక్కేవాడి నడుముకు. రెండో పక్క కింద నిలబడ్డవాడి చేతిలో. ఎక్కేవాడు జారితే కిందివాడు ఆపాలి. అలా ఏడెనిమిది నెలలు ఆయన ప్రాణం నా చేతిలో, నాది ఆయన చేతిలో ఉంటూ వచ్చాయి. నేను ఆయన్ను "అన్నా" అనేవాణ్ణి. ఆయన నన్ను "సారూ" అంటూనే "నువ్వు" అనేవాడు. ఆయన దగ్గరికి వచ్చేవాళ్ళంతా ఏడుస్తూ వస్తారు, వాళ్ళను మీరు అనడం అలవాటు లేదన్నాడు.

మొదటిరోజు కరచాలనం చేయబోతే మణికట్టు పట్టుకున్నాడు. వదల్లేదు. బొటనవేలు ఎముక వెంబడి నడిపి ఒకచోట ఆపాడు.

"చిన్నప్పుడు యాణ్నుంచి పడినావు?"

"సైకిల్ మీంచి," అన్నాను. తొమ్మిదేళ్ళప్పుడు మా నాయనతో చెప్పింది అదే.

"సైకిలు కాదులే. పైనుంచి. పడతా పడతా చెయ్యి ఆనించినావు."

బడి ప్రహరీగోడ మీంచి పడ్డాను. ఆ సంగతి మా నాయనకు తెలియదు, నా భార్యకూ తెలియదు. ఆయన ఇంకేం అడక్కుండా చెయ్యి వదిలేశాడు. ఆ రోజు ఇంటికి పోయేదాకా నా మణికట్టు నుంచి పచ్చి గుడ్డు వాసన వస్తూనే ఉంది. బస్సులో చెయ్యి కిటికీలోంచి బయట పెట్టుకుని కూర్చున్నాను.

ఆయనకు ఒక పట్టుదల ఉండేది. ముడి ముట్టి చూడకుండా ఎవర్నీ ఎక్కనిచ్చేవాడు కాదు.

ఆ ముడిని ఎనిమిది అంకెలా వేసి, కొసను హార్నెస్‌లోంచి దూర్చి, మళ్ళీ వేసిన దారిలోనే వెనక్కి అల్లాలి. సరిగ్గా వేస్తే తాడు అయిదు చోట్ల జంటలుగా పక్కపక్కన పడుకుంటుంది. మాకు కంటితో చూసి లెక్కపెట్టమని నేర్పారు. ఆయనైతే దగ్గరికొచ్చి, కళ్ళు మూసుకుని, నీ పొట్ట ముందర ఆ ముడి మీద బొటనవేలు పెట్టి, పెదాలు కదుపుతూ లెక్కపెట్టేవాడు. ఒకటి, రొండు, మూడు, నాలుగు, అయిదు. అప్పుడు కళ్ళు తెరిచి "పో" అనేవాడు.

"కళ్ళు తెరిచి చూడొచ్చు కదన్నా," అన్నాను ఒకసారి.

"కన్ను అవతల ఏముండాదో సూస్తాది సారూ. ఏలు యాడ పెడితే ఆడే ఉంటాది."

తర్వాత తన ముడి చూడమనేవాడు. "నాది నువ్వు సూడు. సూడకుంటే ఎక్కను." నేను రెండు వేళ్ళ కొసలతో, ఊపిరి బిగబట్టి, ముట్టీ ముట్టనట్టు లెక్కపెట్టేవాణ్ణి. ఆయనకు అర్థమైందో లేదో తెలియదు. ఒక్కసారి మాత్రం "గెట్టిగా పట్టుకో సారూ, అది పాము కాదు" అన్నాడు.

ఎక్కడం మాత్రం బాగా వచ్చేది కాదు. ఇరవై అడుగుల ఎత్తున బండ ముందుకు పొడుచుకొచ్చి ఉంటుంది. దాన్ని ఆయన బొజ్జ అనేవాడు. ప్రతి ఆదివారం దాని కిందికి పోయి, చెంప బండకు ఆనించి, చేత్తో పైన తడిమి, "ఈ వారానికి ఇంతేబ్బా, దించు" అనేవాడు. దిగి, టవలు పరుచుకుని, స్టీలు డబ్బాలోంచి రాగిసంగటి, ఊరిబిండి పచ్చడి తీసుకుని తినేవాడు. అందరికీ పెట్టబోయేవాడు. ఆ వేళ్ళతో తుంచిన సంగటి నేను ఒక్కసారి కూడా తినలేదు. షుగరు ఉందని చెప్పాను. "షుగరోళ్ళు తినేదే సంగటి కదా" అన్నాడు.

బొజ్జ దాటాలని ఉండేదా అంటే, ఉండేది. ఒక్కసారైనా పైన కూర్చుని కిందికి చూడాలని, అప్పుడు ఇంటికి పోయి పడినోళ్ళను ఇంకా బాగా అడగొచ్చని అనేవాడు. అంతకన్నా ఎక్కువగా కావలసింది కిందనే ఉండేది. తన చేతిలోంచి పోయినవాడు పడకూడదు. విరిగినదాన్ని కట్టడమే ముప్పై ఏళ్ళు చేశాడు. విరక్కముందే చెయ్యి పెట్టే అవకాశం ఈ గుట్ట దగ్గరే దొరికింది. ఈ మాట ఆయన అనలేదు, నేను అంటున్నాను. ఆయన అన్నది, "ఆదివారం మాత్రం నా తావకి అందరూ నడిచి వస్తారు సారూ."

తర్వాత శశిధర్ బయటివాళ్ళను తీసుకురావడం మొదలుపెట్టాడు. బెంగుళూరు నుంచి, చెన్నై నుంచి వ్యాన్లలో వచ్చేవాళ్ళు. పక్కన మంచినీళ్ళ సీసా మూత తీసిపెట్టడానికి కూడా ఒకరుండాలి వాళ్ళకు. ఆయన వాళ్ళ నడుముల దగ్గరికి వంగి ముడి పట్టుకుంటే వెనక్కి జరిగేవాళ్ళు. ఒకామె ముక్కు మూసుకుని, "ఛీ, ఏంటిది, చేపలా?" అంది. ఆయన కళ్ళు మూసుకుని మూడో జత లెక్కపెడుతున్నాడు. ఆపలేదు. అయిదు దాకా లెక్కపెట్టి "పో తల్లీ" అన్నాడు.

ఆ సాయంత్రం శశిధర్ నాకు ఫోన్ చేశాడు. "సార్, అంకుల్‌కి మీరు చెప్పండి. గెస్టుల్ని ముట్టుకోవద్దని. మీరైతే పద్ధతిగా చెప్తారు."

పద్ధతిగా చెప్పేవాడినని నాకు పేరుంది. తర్వాతి ఆదివారం ఏర్పేడులో టీ కొట్టు దగ్గర చెప్పాను.

"అన్నా, కొత్తగా వచ్చేవాళ్ళ ముడులు శశిధర్ చూసుకుంటాడంట. మిమ్మల్ని చెయ్యి పెట్టొద్దంటున్నారు."

"ఏం, తప్పు సూసినానా?"

"తప్పని కాదు. చేతులు వాసనొస్తున్నాయంట."

టీ గ్లాసు కింద పెట్టి వేళ్ళు ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. "నాకేం తెలీలేదే. నీకొస్తాందా?"

"నాకు అలవాటైపోయింది."

"అంటే వస్తాంది," అని నవ్వాడు. గ్లాసు తీసుకుని మిగతా టీ తాగాడు. "అట్లే కానీ. కడుక్కోనొస్తాలే."

ఆ మాటను నేను పట్టించుకోలేదు. మళ్ళీ ఆదివారం గుట్ట దగ్గర నన్ను చూడగానే రెండు చేతులూ ముందుకు చాపాడు. తోలు ఎర్రగా లేచిపోయి, వేళ్ళ సందుల్లో పగిలి ఉంది. గోళ్ళ చుట్టూ ఉండే పచ్చ మరక లేదు.

"సూడు సారూ. ఇంగ వస్తాందా?"

వంగి చూశాను. నిమ్మచెక్క వాసన. దాని కింద కొంచెం కిరసనాయిలు. ఇంకేమీ లేదు. వ్యాను అప్పుడే ఆగింది, గెస్టులు దిగుతున్నారు. శశిధర్ నా వెనకే నిలబడి ఉన్నాడు.

"ఇంకా ఉందన్నా," అన్నాను.

ఆయన చేతులు వెనక్కి తీసుకుని వీపు వెనక కట్టుకున్నాడు. "సరే" అన్నాడు.

ఆ రోజు మొదట నన్ను ఎక్కమన్నారు, గెస్టులకు ఎలా ఎక్కాలో చూపించడానికి. తాడు శశిధర్ పట్టాడు. నేను ముడి వేస్తుంటే ఒకాయన బూట్ల సైజు గురించి ఏదో అడిగాడు, జవాబు చెప్పాను. తర్వాత బండ దగ్గరికి నడిచాను. మొదటి అడుగు పెట్టడానికి అక్కడ ఒక పొట్టి రాయి ఉంటుంది. ఆయన వచ్చి దాని మీద కూర్చున్నాడు. చేతులు వెనకే ఉన్నాయి.

"ముడి సూసుకో సారూ."

"చూసుకున్నాను."

"సూసుకోలేదు."

"అన్నా, అందరూ చూస్తున్నారు."

"సూడనీ. నేను ముట్టుకోను. నువ్వే ముట్టుకో."

వెనక ఎవరో "ఏంటి బ్రో, ధర్నానా?" అన్నారు. అందరూ నవ్వారు.

"అంకుల్, టైమ్ అయిపోతోంది," అన్నాడు శశిధర్.

"అయితాదిలే. ఆయప్ప ఏలు పెట్టి లెక్కేస్తే లేస్తా."

బొటనవేలు ముడి మీద పెట్టాను. ఒకటి. రెండు. మూడు. నాలుగో జత లేదు. కొస హార్నెస్‌లోంచి వచ్చి, సగం దాకా అల్లుకుని, ఊరికే వేలాడుతోంది. పైకి పోయి తాడు మీద బరువు వేసి వెనక్కి వాలినప్పుడు అది జారిపోయేది. నలభై అడుగులు.

ఇక్కడ నేను ఏం చేశానో రాయాలి. గెస్టుల వైపు వీపు తిప్పి, పొట్ట దగ్గర చేతులు దాచుకుని, మిగతా రెండు జతలు అల్లాను. ముందు నుంచీ సరిగ్గా ఉన్నట్టు రెండుసార్లు లాగి చూపించాను. ఆ తర్వాత అందరికీ వినబడేలా, "లెయ్యండి అంకుల్, ఎందుకీ గొడవ," అన్నాను.

అంతకు ముందు ఎప్పుడూ ఆయన్ను అంకుల్ అనలేదు.

ఆయన లేవలేదు. కూర్చునే నా ముడి వైపు చూశాడు. పెదాలు అయిదుసార్లు కదిలాయి. అప్పుడు లేచి పక్కకు జరిగాడు. "పో" అన్నాడు.

ఆ రోజు బొజ్జ దాటి పైదాకా ఎక్కాను. అదే మొదటిసారి. కింద చప్పట్లు కొట్టారు, ఎవరో ఫొటో తీశారు. దిగేసరికి ఆయన లేడు. టవలు, స్టీలు డబ్బా కూడా లేవు. మళ్ళీ రాలేదు. నేను ఫోన్ చెయ్యలేదు. ఈ వారం చేద్దామని రెండు నెలలు అనుకున్నాను.

ఒక మంగళవారం షెడ్డులో కూర్చున్నచోటే గుండె ఆగిపోయిందట. ఆ సంగతి గుంపుకు తెలిసినప్పుడు "ఆ వయసులో బండలెక్కితే మరి" అని ఇద్దరు ముగ్గురు ఫోన్ గ్రూపులో రాశారు. ఆయన గుట్ట మొహం చూసి రెండు నెలలైందని వాళ్ళలో ఎవరికీ గుర్తులేదు. మిగతావాళ్ళు దండం పెట్టే బొమ్మలు పంపారు. ఒకడు పొరపాటున చప్పట్ల బొమ్మ పంపి, దాన్ని తీసెయ్యలేదు.

నేను వాళ్ళ ఊరికి పోయాను. షెడ్డు గోడకు చీల్చిన వెదురు బద్దలు కట్టలు కట్టి ఆనించి ఉన్నాయి. బయట అరుగు మీద ఒకామె మోచెయ్యి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఆయన పోయిన సంగతి తెలియక వచ్చిందట, తిరుగు బస్సు కోసం చూస్తోంది. ఆయన భార్య నాకు కాఫీ ఇచ్చింది.

"మీరేనా లైబ్రరీ సారు? మీ మాట సెప్తా ఉన్న్యాడు. మీ చెయ్యి చిన్నప్పుడు ఇరిగిందంట కదా."

"అవునమ్మా."

"ఎవురో ఆయన సేతులు కంపు కొడతాయన్నారంట సార్. ఆ శనివారం యాడిదో పాత కిరసనాయిలు తెచ్చి పోసుకోని రుద్దినాడు. మళ్ళా నిమ్మచెక్కలు. తోలంతా లేసిపాయ. వారం దినాలు ఎవురికీ కట్టు కట్టలేకపాయ. ఎవురు సార్, ఆ మాట అనింది?"

కాఫీ గ్లాసు నా చేతిలో ఉంది.

"తెలియదమ్మా," అన్నాను.

"తెలిస్తే సెప్పండి. కొట్టేదానికి కాదు. ముప్పై ఏండ్లు ఆ సేతి పక్కన పండుకున్న్యా, నాకెప్పుడూ రాలేదే, మీకెట్ల వచ్చె అని అడగల్ల."

కాఫీ మొత్తం తాగి, గ్లాసు కింద పెట్టి, బస్సుకు టైమైందని చెప్పి లేచాను. టైమ్ కాలేదు. రోడ్డు మీద, ఆ మోచెయ్యి విరిగినామె పక్కన, నలభై నిమిషాలు నిలబడ్డాను.

మొన్న ఆదివారం గుట్టకు పోయాను. బండ పక్కన ఫ్లెక్సీ కట్టి ఉంది. ఆయన ఫొటో. కళ్ళు మూసుకుని, ఎవరిదో ముడి మీద బొటనవేలు పెట్టి ఉన్నాడు. ఎవరిదో అని ఎందుకనాలి, ముక్కు మూసుకున్నామెదే. ఆమె ముఖం దాకా రాకుండా కత్తిరించారు. కింద "మా భద్రతా గురువుకు అశ్రునివాళి" అని ఉంది. దానికింద, అంతకన్నా పెద్ద అక్షరాల్లో, వచ్చే నెల క్యాంపు ప్రకటన. చామంతి దండ వేశారు. ఒక నిమిషం మౌనం పాటించారు. శశిధర్ ఫోన్లో టైమ్ చూసి "థాంక్యూ" అన్నాడు. దండ మీద అప్పటికే ఈగలు వాలాయి. బిర్యానీ పొట్లాల మీదివే.

మొదట ఎక్కబోయిన అమ్మాయి ముడి వేసుకుని బండ వైపు నడిచింది. నేను దగ్గరికి పోయి చెయ్యి చాపాను. ఆమె ఒక అడుగు వెనక్కి వేసింది.

"ఏంటండీ?"

"ముడి," అన్నాను.

"నేను చూశాను సార్," అన్నాడు శశిధర్. తాడు పట్టుకుని నాలుగు గజాల దూరంలో నిలబడి ఉన్నాడు. "ఇక్కణ్నుంచి కనిపిస్తోంది."

చెయ్యి వెనక్కి తీసుకుని జేబులో పెట్టుకున్నాను.

ఆ పూట పదకొండు మంది ఎక్కారు. ఎవరూ పడలేదు. ఆ గుట్ట దగ్గర ఎక్కబోయే ముందు ఒకరి ముడిని ఇంకొకరు ముట్టి చూడటం ఇప్పుడు లేదు.